ఆరుబయట ఒక రాత్రి

గుంటూరు నుండి పడమటగా పోవువానికి నల్లరేగడి మైదానమున ఒక కొండల వరుస కానవచ్చును. అదియే కొండవీడు. రెడ్డిరాజులు తమ రాజధానిని అద్దంకి నుండి ఇచ్చటికి మార్చుకొనిరి. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథుడు విద్యాధికారిగా నుండెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును జయించెను. బాలబాలికలు ఈ సంగతులను పుస్తకములలో చదివియే యుందురు. కాని ఆ కొండ దిగువన ఒక రాత్రి శిబిరము వేసికొని ఆరుబయట గడపినచో తెలియు సంగతులు వేరు.

1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ అను చిన్న దీవిలో బేడెన్ పవెల్ సుమారు ఇరువదిమంది బాలురతో ఒక శిబిరము నడపెను. స్కౌటు ఉద్యమమునకు అదియే అంకురము. సంపన్నుల బిడ్డలను, కాయకష్టము చేయువారి బిడ్డలను కలిపి ఆయన దళములుగా ఏర్పరచెను. మన దేశమున 1950లో వేర్వేరు స్కౌటు సంఘములు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ ఏర్పడినది. శిబిరమనగానే గుడారములు, ఈలలు, త్రాటిముడులు అందరికిని జ్ఞాపకము వచ్చును. నాటి ఆ కలయిక మాత్రము తరచుగా మరుగున పడుచుండును.

మిరపకాయ పండి ఎఱ్ఱబారు దినములలో ఈ మైదానపు బడులలో కొన్ని చోట్లు ఖాళీగా నుండును. తల్లిదండ్రుల వెంట కోతలకు పోయిన పిల్లల చోట్లవి. ఊళ్లు విడిచి వచ్చిన కూలీలు పొలముల చెంత గుడిసెలు వేసికొందురు; ఆరబోసిన కాయకు కాపుగా కల్లములలోనే నిద్రింతురు. వారి బిడ్డ కొన్ని వారముల పిదప బడికి తిరిగి వచ్చునప్పటికి లెక్కలు ముందునకు సాగిపోయి యుండును. ఉపాధ్యాయుడు ఎచ్చట ప్రశ్న వేయునో అని ఆ బాలుడు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండును. ఇట్లు కొన్నాళ్లు గడచినచో, ఇక బడికే రాకపోవును.

అట్టి బాలుని శిబిరమునకు తీసికొనిపోయి చూడవలెను. గాలి వాలు చూచి, పొగ రాకుండునట్లు పొయ్యి ఎచ్చట పెట్టవలెనో అతడే చెప్పును. రేగడి నెఱ్ఱెలలో తేళ్లుండునని ఎరిగినవాడు కనుక, చాపలు పరచుటకు గట్టినేలను అతడే వెదకును. పచ్చడికై మిరపకాయలు తుంచిన పట్టణపు పిల్లవాడు చేయి మండి నీటికొరకు పరుగెత్తగా, వట్టి నీటితో ఆ మంట పోదనియు, నూనె రాయుమనియు చెప్పువాడును అతడే. అందులకు కారణము చెప్పుట ఉపాధ్యాయుని వంతు. కాయకు కారమిచ్చు కాప్సైసిన్ నీటిలో కరుగదు, నూనెలో కరుగును. అది గింజలలో కంటె వాటిని అంటియున్న తెల్లని కండలో అధికముగా నుండును.

అన్నట్లు, కొండవీటి కొలువులో నున్న నాడు శ్రీనాథుడు ఈ కారమును రుచి చూచి యుండడు. మిరప పుట్టినది అమెరికా ఖండమున. దానిని మనకు తెచ్చిన పోర్చుగీసువారు సముద్రమార్గమున కాలికట్ చేరినది 1498లో. అప్పటికి కొండవీటి రెడ్డిరాజ్యము అంతరించి అర్ధశతాబ్దికి పైబడినది.

భోజనములైన పిదప దీపములు ఆర్పవలెను. సంక్రాంతి నాళ్లలో రాత్రి ఎనిమిది గంటల వేళ నడినెత్తికి చేరువగా రోహిణి, దానికి తూర్పున మృగశిర, ఆరుద్ర కనబడును. ఈ పేర్లు ఆ బాలునికి కొత్తవి కావు. రోహిణికార్తెలో రోళ్లు పగులుననియు, మృగశిర ప్రవేశించినచో తొలకరి దగ్గరపడుననియు తండ్రి అనుచుండగా విన్నవాడే. కాని అవి కన్నులకు కానవచ్చు చుక్కలని అతడెరుగడు. కార్తె యనగా సూర్యుడు ఆ నక్షత్రముతో కూడియున్న కాలము. కావుననే తండ్రి ఆ పేరు పలుకు దినములలో ఆ చుక్క సూర్యకాంతిలో మునిగియుండును. ఆరు మాసములు కడచిన పిమ్మట రాత్రి ఆకాశమున వెలుగును. పట్టణపు పిల్లలకు చుక్కల పటము తెలియును గాని కార్తెలు తెలియవు. ఆ రాత్రి ఇరువురును ఒకరినొకరు అడిగి తెలిసికొనవలసినదే.

కొండ అడ్డురాని చోట నిలిచి ఉత్తరము వైపు చూడవలెను. చాచిన చేతి పిడికిలి ఆకాశమున ఇంచుమించు 10 డిగ్రీలను కప్పును. నేలగీటునకు ఒకటిన్నర పిడికిలి ఎత్తున ధ్రువనక్షత్రము కనబడును. పటములో గుంటూరు అక్షాంశము సుమారు 16 డిగ్రీలు. లెక్కలలో వెనుకబడిన ఆ బాలుడు తన పిడికిలితో మరల మరల కొలిచి చూచును. రేపు కల్లములో కాపున్నప్పుడు ఈ కొలతను తండ్రికి చూపగలడు.