కోవళంలో అల దొరికింది!

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు వెళితే కోవళం వస్తుంది. కేరళ కోవళం కాదండోయ్, ఇది తమిళనాడులోని జాలరి పల్లె. మహాబలిపురం చూడబోయే మన తెలుగువాళ్లు దీన్ని దాటి వెళ్లిపోతుంటారు. తెప్పల మీద అలలు దాటడం ఇక్కడివాళ్లకి తరతరాల విద్య. ఈ ఊరి జాలరి మూర్తి మేఘవన్ 2012లో సర్ఫింగ్ బడి మొదలుపెట్టాక, పలక మీద అలల్లో జారడం నేర్చుకోవడానికి బయటివాళ్లూ వస్తున్నారు.

సముద్రానికి వెళితే మనం చేసే పని మీకు తెలిసిందేగా! అందరి చెప్పులూ, తువ్వాళ్లూ కాపలా కాస్తూ ఇసుకలో కూర్చోవడం. ఈసారి ఆ పని మావారికి అప్పగించి, మా అమ్మాయితో పాటు నేనూ పలక పట్టుకున్నాను. నాకు 44 ఏళ్లు. చిన్నప్పుడు కాలవలో నేర్చిన ఈతే ధైర్యం.

చూసేవాళ్లకి పలక మీద నిలబడటమే కనిపిస్తుంది. నిజానికి నీళ్లలో వున్న సేపట్లో చాలా భాగం బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకోవడమే. దాన్ని పాడ్లింగ్ అంటారు. అది కుదిరితేనే అల దొరుకుతుంది. నేర్పే అబ్బాయి "అక్కా, తొందర వద్దు" అంటూ ముందు ఇసుకలోనే అంతా చేయించాడు.

ఒళ్లు పలక మధ్యగీత మీద వుండాలి. బాగా ముందుకి జరిగితే పలక ముక్కు మునుగుతుంది. వెనక్కి జరిగితే ముక్కు పైకి లేచి, పలక సాగదు. ముక్కు నీటికి అంగుళం, రెండంగుళాల పైన వుంటే సరి. కాళ్లు దగ్గరగా, ఛాతీ కాస్త పైకి, చూపు ముందుకి. భుజంగాసనం అలవాటున్నవాళ్లకి ఇది తేలికే.

చేతులు ఒకదాని తరువాత ఒకటి వేయాలి. ముందుకి చాచి, చప్పుడు కాకుండా నీళ్లలో దించి, మోచెయ్యి కొంచెం వంచి తొడదాకా లాగాలి. వేళ్లు బిగించక్కర్లేదు. గబగబా పైపైన కొడితే అలుపే మిగులుతుంది. నిదానంగా, లోతుగా లాగితే పలక సాగుతుంది.

అల ఇంకా వెనకాల వుండగానే మొదలుపెట్టాలి. అది పలకను ఎత్తగానే చాలామంది చేతులు ఆపేస్తారట, అల చేజారేది అక్కడే! ఇంకో రెండు మూడుసార్లు గట్టిగా లాగాలి. నేను అలాగే చేశాను. నిలబడలేదు, బోర్లా పడుకునే ఒడ్డుదాకా వచ్చాను. ఆ కాసేపూ నా బరువు నాకు తెలియలేదంటే నమ్మండి! మా అమ్మాయి నీళ్లలోనే చప్పట్లు కొట్టింది.

వెళ్లాలనుకుంటే ముందునుంచే ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని, ఛాతీ ఎత్తి, రోజూ ఐదు నిమిషాలు చేతులు ఆడించండి. భుజం నొప్పి, గుండె జబ్బు వున్నవాళ్లు డాక్టరుని అడగాలి. ఈత రానిదే దిగొద్దు, ఒంటరిగా అసలు దిగొద్దు. పలక తాడు చీలమండకి కట్టుకోవాలి. ప్రవాహం లోపలికి లాగితే ఎదురీదకుండా, పలక వదలకుండా, ఒడ్డు వెంబడి పక్కకి సాగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్ల కాలం కనక ఆ నెలలు వద్దు. పొడుగు చేతుల చొక్కా, లెగ్గింగ్స్ హాయిగా వుంటాయి. చున్నీ, గాజులు, గొలుసులు మాత్రం ఒడ్డునే వుంచండి!