చిగుళ్ళ రంగు

జూలై 6, పొద్దున్న ఎనిమిదిన్నర. పశువుల ఆసుపత్రి గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది వరస. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణం ఇది. మామూలు రోజుల్లో ఈ ఆవరణలో కనిపించేవి చూడి గేదెలు, పొదుగువాపు ఆవులు, గంపల్లో కోళ్ళు. ఈ ఒక్కరోజు మాత్రం కుక్కలది. 1885లో ఇదే తేదీన లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కి తన టీకా మొదలుపెట్టాడు. ఆ గుర్తుగా ఏటా ఈ రోజున మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు.

మా కుక్క రాజుకి టీకా మార్చిలోనే వేయించాను. నేను వెళ్ళింది చూసి రాయడానికి. ఒంట్లో బాగోలేని కుక్కకి ఆ పూట టీకా వెయ్యరు కాబట్టి, సూది తియ్యక ముందే డాక్టరమ్మగారు ప్రతి కుక్కనీ ఒకసారి పరీక్షగా చూస్తారు. నాకు కావలసింది ఆ చూపు.

ఆవిడ ముందు కుక్కని ముట్టుకోరు. వేపచెట్టు కింద నుంచి బల్ల దాకా నడిచి రానిస్తారు. నాలుగు కాళ్ళూ సమంగా ఆనుతున్నాయా, తల ఒకవైపు వాలుతోందా, తోక ఎక్కడుంది అన్నది ఆ పదడుగుల్లో తెలిసిపోతుందట. బల్ల దగ్గరికి వచ్చాక ఒకే ప్రశ్న: "మామూలుగా ఎలా ఉంటుందమ్మా ఇది?"

ఆ ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబు లేదు. రెండు రోజుల్నుంచి తినట్లేదని చెప్పగలరు. అంతకుముందు పూటకి ఎంత తినేదో చెప్పలేరు. ఒకాయన తన ల్యాబ్రడార్ ఒళ్ళు కాలిపోతోందని కంగారుగా వచ్చాడు. ముక్కు కూడా పొడిగా ఉందన్నాడు. థర్మామీటరు 102 చూపించింది. కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ముక్కు తడిని బట్టి జ్వరం చెప్పడం కుదరదని ఆవిడ విడమరిచి చెప్పారు. ఆ కుక్కకి అసలు బాధ చెవిలో ఉంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అది తల విదిలిస్తూనే ఉంది. చెవి మడత తీస్తే లోపల నల్లటి జిడ్డు, పులిసిన వాసన. ఇంట్లో కొబ్బరినూనె పోస్తున్నారట. వానాకాలం తడికి నూనె జిడ్డు కూడా తోడైతే చెవి ఇంకా మగ్గిపోతుంది. మందు రాసిచ్చారు, టీకా వారం తర్వాత అన్నారు.

తర్వాత ఓ మామ్మగారు. పక్కన చిన్న మనవడు, వాడి చేతిలో నూలుతాడు, తాడు చివర గోధుమరంగు నాటుకుక్క. ముందు కుడికాలు నేలకి ఆనించడం లేదు. అరికాలంతా పసుపు, కాఫీపొడి కలిపి గట్టిగా పట్టించారు.

"రక్తం ఆగట్లేదని పెట్టానమ్మా," అంది మామ్మ.

"రక్తం ఆపాలంటే శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకోవాలి మామ్మగారూ. మధ్యమధ్యలో తీసి చూడకూడదు. ఇప్పుడు చూడండి, దీని కింద ఏముందో!"

కాంపౌండరుగారు సెలైన్ ధారగా పోస్తూ ఆ పెచ్చుని నానబెట్టారు. ఇంట్లో అయితే అరలీటరు కాచి చల్లార్చిన నీళ్ళల్లో చెంచాడు ఉప్పు చాలన్నారు. పెచ్చు ఊడింది. కింద చీము. వేళ్ళ సందులో విరిగిన తుమ్మముల్లు, కొస మాత్రమే నల్లగా కనిపిస్తోంది. ఆయన పట్టకారుతో అది దూరిన దారినే వెనక్కి లాగారు. కుక్క ఒక్కసారి కుయ్యిమని, వెంటనే ఆ కాలిని తనే చాచి ఇచ్చింది. బెటడిన్‌ని నీళ్ళలో పల్చటి టీ రంగు వచ్చేదాకా కలిపి కడిగారు. డెట్టాల్ వద్దన్నారు. పిల్లులకైతే అది విషమేనట. కట్టు కట్టాక నాకకుండా మెడకి పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి తొడగమన్నారు. మనవడు అప్పుడే ఇంట్లో ఏ బకెట్ పనికొస్తుందో ఆలోచనలో పడ్డాడు.

ఆ కుక్క చెవి వెనకాలే గోమార్లు కూడా ఉన్నాయి. రక్తం తాగి ఉబ్బి, అచ్చం ఆముదపు గింజల్లా. (ఆముదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రిసినస్, లాటిన్‌లో ఆ మాటకి అర్థం గోమారే.) వాళ్ళ నాన్న కిరసనాయిలు రాయమన్నాడని మనవడు చెప్పాడు. రాస్తే చర్మం కాలుతుంది, కుక్క నాకితే లోపలికీ పోతుంది. కాంపౌండరుగారు పట్టకారుని చర్మానికి ఆనించి, గోమారిని తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగారు. వేళ్ళతో నలపకూడదు. తీసినవాటిని సబ్బునీళ్ళ డబ్బాలో వేశారు. గోమారి జ్వరం వచ్చిన కుక్క మొదట చూపించేది నీరసం, తిండి మానెయ్యడం, పాలిపోయిన చిగుళ్ళు. ఆ మాట అంటూనే డాక్టరమ్మగారు కుక్క పెదవి ఎత్తి, చిగురుని వేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోటికి గులాబీరంగు వెంటనే తిరిగొచ్చింది. రెండు సెకన్ల లోపు రావాలి. పాలిపోయినా, నీలంగా ఉన్నా, గోధుమరంగుకి తిరిగినా ఇంటి వైద్యం మాట మరిచిపోయి బయల్దేరాలి.

గోధుమరంగు అన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఎనిమిదేళ్ళ కిందట మా పిల్లికి ఒళ్ళు వేడిగా ఉందని పారాసిటమాల్ అరబిళ్ళ పాలల్లో కలిపి పట్టాను. పసిపిల్లలకి ఇచ్చే మందే కదా అనుకున్నాను. సాయంత్రానికి దాని మొహం ఉబ్బింది. చిగుళ్ళు మట్టిరంగుకి తిరిగాయి. తెల్లారేసరికి లేదు. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదనీ, రక్తం ప్రాణవాయువుని మొయ్యలేని స్థితికి వస్తుందనీ చాలా రోజుల తర్వాత తెలిసింది. డాక్టరమ్మగారికి ఆ సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "రాయండి. ఇది మాత్రం తప్పకుండా రాయండి," అన్నారు. కుక్కలకి ఐబుప్రొఫెన్ ఇచ్చి, కడుపులో పుండ్లతో తెచ్చేవాళ్ళూ ఉన్నారట.

పదిన్నరకి అట్టపెట్టెలో ఓ కుక్కపిల్ల వచ్చింది. రెండు నెలలుంటాయేమో. వరసలో అందరి వెనక నిలబడ్డారు ఆ భార్యాభర్తలు. కాంపౌండరుగారు వాసన పట్టి లేచివెళ్ళి, పెట్టెని ఇంకే కుక్కకీ దగ్గరికి పోనివ్వకుండా పక్కగదిలోకి తీసుకుపోయారు. ఆకు తిని ఒకసారి పసుపు నురుగు కక్కి, మళ్ళీ ఆడుకునే పెద్ద కుక్కకి ఒక పూట కడుపు ఖాళీగా ఉంచి, తర్వాత మెత్తటి అన్నం కొద్దికొద్దిగా పెడితే సరిపోతుంది. ఇది అది కాదు. రెండు రోజులుగా వాంతులు, నిన్నటి నుంచి రక్తవిరేచనాలు. మజ్జిగన్నం పెట్టి చూశారు, మందుల షాపులో అడిగి బిళ్ళ కూడా వేశారు. డాక్టరమ్మగారు మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే అది అలాగే గుడారంలా నిలబడింది. పార్వో కావచ్చని పరీక్షకి తీసుకుని, ముందు సెలైన్ ఎక్కించారు. టీకాలు వేయించని పిల్లకి వాంతి మొదలైతే గంటలు లెక్క, రోజులు కాదు. పెట్టె పెట్టిన చోటల్లా బ్లీచింగ్ నీళ్ళతో కడిగించారు.

నేను బయటికి వచ్చేసరికి కాంపౌండరుగారు కుళాయి దగ్గరున్నారు. టీకా వేస్తుంటే ఓ పొమేరియన్ పన్ను వేలికి గీరుకుందట. సబ్బు రుద్దుతూ, గోడ గడియారం చూసుకుంటూ, పూర్తిగా పదిహేను నిమిషాలు కడిగారు. ఆ తర్వాతే ఇంజెక్షను కోసం బండి తీశారు.

బయల్దేరుతుంటే డాక్టరమ్మగారు అడిగారు: "మీ రాజు చిగుళ్ళు ఏ రంగండీ?"

ఏడేళ్ళుగా నా మంచం కింద పడుకునే కుక్క. చెప్పలేకపోయాను.

ఇంటికి రాగానే దాన్ని వసారాలో కూర్చోబెట్టి పెదవి ఎత్తాను. నల్లకుక్క, చిగుళ్ళూ నలుపే. గుండె ఝల్లుమంది. ఎడమవైపు కోరపన్ను పైన మాత్రం రూపాయి బిళ్ళంత మేర గులాబీరంగు కనిపించింది. నొక్కి వదిలాను. తెల్లబడి, వెంటనే ఎర్రబడింది. రెండోసారి నొక్కబోతే రాజు నా చెయ్యి నాకి తల తిప్పేసుకుంది.