కొత్తవానికి ఏ నది?

మా యానాములో పుట్టి పెరిగినవానికి నదినిగూర్చి ఇంకొకరు బోధింపవలసిన పనిలేదని చిరకాలము నమ్మియుంటిని. మా యిల్లు గౌతమీ గోదావరి గట్టునకు కూతవేటు దూరము. ఏటేట ఎర్రనీరు దిగుటయు, సముద్రములోని ఇలస ఏటిలో ఎదురీది పులస యగుటయు, ఊరంతయు దాని వెలనుగూర్చియే ముచ్చటించుటయు పసితనమునుండి ఎరిగినవే. అటువంటి నన్ను, అరువదియెనిమిదేండ్ల వయస్సున, అమెరికాలోని సియాటిల్ నగరమున మా అల్లుడు కొత్తవానిక్రింద లెక్కకట్టెను. విని ముందు నవ్వితిని, పిమ్మట కించపడితిని.

మా అల్లునిది కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబము. ఎన్ని తరముల క్రిందట అక్కడ స్థిరపడిరో వారికే తెలియదు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము. అతడు నన్ను "మామా" అని పిలుచును. మా వైపున "మావయ్యగారూ" అనవలెను. పెండ్లియైన తొమ్మిదేండ్లనుండియు ఆ "గారు" లేని పిలుపు నా చెవికి గుచ్చుకొనుచునే యుండెను. "నాన్నా, వాళ్లింట్లో అది గౌరవమే" అని మా అమ్మాయి పలుమారులు చెప్పినది. తలయూపితినేగాని మనస్సునకు పట్టించుకొనలేదు. ఆ తొమ్మిదేండ్లలో మేమిద్దరమే ఒక అరగంట కూర్చుండి మాటలాడిన జ్ఞాపకము లేదు. చేపల వేటకు పోదమని అతడు పిలిచినప్పుడు వెంటనే ఒప్పుకొనుటకు ఇదియు నొక కారణము.

అది అక్టోబరు నెల, మన ఆశ్వయుజము. పసిఫిక్ మహాసముద్రమున పెరిగిన సాల్మను చేపలు తాము పుట్టిన యేళ్లకు మరలు కాలము. అక్కడి సాల్మనులు అయిదు జాతులు. అన్నియు ఒక్కమారు రావు. చినూక్ ముందుగా వచ్చును. పింక్ అనునది ఆ ప్రాంతపు నదులలో ఇంచుమించుగా బేసి సంవత్సరములందే కనబడును. మాది సరి సంవత్సరము. చమ్ అనునది నవంబరులో మెండు. అక్టోబరునకు తగినది కోహో. అది ఏడాదిన్నర మంచినీటను, ఏడాదిన్నర సముద్రమునను బ్రదికి, మూడవయేట తిరిగివచ్చి, గ్రుడ్లుపెట్టి చనిపోవును. పులసకు ఈ శిక్ష లేదు. అది మరల సముద్రమునకు పోగలదు.

మరియొక భేదము అల్లుడు చెప్పువరకు నాకు తట్టలేదు. పులసను వలతో పట్టుదురు. నేను చిన్ననాట చూచినదంతయు వల పని. సాల్మనును మావంటివారు గాలముతోనే పట్టవలెను. అదియు ఏటిలో ప్రవేశించిన పిదప మేత మానివేసిన చేప; ఆకలిచేత గాక చిరాకుచేత ఎరను కరచునని వేటగాండ్ర మాట. ఇక నేను గాలము పట్టినది పదేండ్ల వయస్సున, కాలువగట్టున, వానపామును గుచ్చి. కాబట్టి నేను కొత్తవాడనే.

ఒకనాటి రాత్రి భోజనాల బల్లమీద పటము పరచుకొంటిమి. "ఏ నదిలో చేపలెక్కువ?" అని నేనడిగితిని. దానికి బదులుగా అతడు, "మామా, మీ మోకాలు ఎంత దూరం నడుస్తాది? చల్లనీళ్లలో ఎంతసేపు నిలుస్తారు?" అనెను. గుఱ్ఱమును కొనబోయినవానిని నీ బరువెంత అని అడిగినట్లుండెను. అట్లడుగుటయే సరియని ఇప్పుడు తోచుచున్నది, అప్పుడు తోచలేదు.

సియాటిలుకు దగ్గరిది గ్రీన్ నది. దగ్గరిది గనుకనే అక్కడ భుజము భుజము రాచుకొని నిలుతురు. కొత్తవాడు విసరిన గాలము పొరుగువాని దారముపైనే పడును. కొన్ని దినములందు మకిల్‌షూట్ అను ఆదిమజాతివారు అచ్చట వలలు వేయుదురు. 1854-55 ప్రాంతమున భూములను వదలుకొనుచు వారి పూర్వులు చేసికొన్న ఒడంబడికలలో చేపల హక్కు మిగుల్చుకొనిరి. 1974లో జార్జి బోల్ట్ అను న్యాయాధిపతి, పట్టదగిన చేపలలో సగము ఒడంబడిక జాతులకు చెందునని తీర్పు చెప్పెను. స్కాజిట్ నది ఆ సముద్రశాఖలో కలియు నదులన్నిటిలో పెద్దది, అయిదు జాతులును అందు వచ్చును; కాని ఆ వెడల్పునకు పడవ కావలెను. స్నోక్వాల్మీ నదికి పోదమని అమ్మాయి అనినది, అక్కడ 268 అడుగుల జలపాతమున్నదని. దానిపైకి సాల్మను ఎక్కలేదు. అమ్మాయికి కావలసినది చేప కాదు, జలపాతము.

ఎల్వా నదిమాట నేనే ఎత్తితిని. దానిపై ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో కట్టిన రెండు ఆనకట్టలకు చేప ఎక్కు దారి లేకపోయెను. నూరేండ్లు సాల్మను సముద్రమునకు అయిదు మైళ్లలోపలనే ఆగిపోయెను. 2011 మొదలు 2014 వరకు ఆ రెంటిని పడగొట్టిరి. చేపలు మరల ఎగువకు పోవుచున్నవి. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మాకు అన్నము పెట్టినది. దానిని పడగొట్టుమని నేననను. కాని పులస అక్కడ తల కొట్టుకొని ఆగుట ఎరిగినవాడనగుటచే ఎల్వాను చూడవలెననిపించినది. "అక్కడ మనలాంటోళ్లకి వేట మూసేసిండారు మామా, చూసేదానికే పోవాల" అని అల్లుడు ఆ కాగితము మడిచెను.

మిగిలినవి రెండు. స్కైకోమిష్ కొండలనుండి దుముకుచు వచ్చు నది. నీరు పచ్చని గాజువలె నుండును. వారి యింటి గోడకు ఆ నదిలో అల్లుడు పెద్దచేపను ఎత్తిపట్టుకొన్న ఛాయాపటమొకటి కలదు. మన్రో పట్టణమునకు దిగువను స్కైకోమిష్, స్నోక్వాల్మీ కలసి స్నోహోమిష్ అగును. అది నెమ్మదిగా ఎవరెట్ నగరమువద్ద సముద్రమున కలియును. అల్లుడు స్నోహోమిష్ అనెను. "పైకి పోయే చేపంతా కిందనించే పోవాల గదా మామా." నేను స్కైకోమిష్ అంటిని. ఆ ఛాయాపటము నన్నట్లు అనిపించినది. పెద్దవాని మాటకు అడ్డు చెప్పక అతడు ఊరకుండెను. అట్లు ఊరకుండకున్న బాగుండెడిది.

శనివారము తెల్లవారుజామున పోతిమి. అతడు రొమ్ముదాక వచ్చు రబ్బరు పంట్లామును నాకు తొడిగి, నడుమునకు బెల్టు బిగించి, చేతికి ఊతకఱ్ఱ ఇచ్చెను. తాను లైఫు జాకెట్టు తొడుగుకొని మరియొకటి నాకు చాచెను. "మోకాలిలోతు నీటికి జాకెట్టు దేనికండీ, గోదావరి ఈదినవాడిని" అని నవ్వి త్రోసివేసితిని. అతడు తనది మాత్రము విప్పలేదు. ఆ సంగతియు నాకు నవ్వు తెప్పించెను.

ఏటి అడుగున రాళ్లు మనిషి తలకాయంతవి, గుండ్రనివి, పాచిపట్టినవి. గోదావరి అడుగు బురద, ఇసుక. కాలు పెట్టిన దిగును. ఇక్కడ కాలు పెట్టిన జారును. ఒక గంట బాగుగనే గడచెను. ఒక చేప అల్లంత దూరమున ఎగిరిపడగా నేను రెండడుగులు ముందుకు వేసితిని. రాయి దొరలెను. నీరు నా రెండు కాళ్లను ఒక్కమారు ఎత్తివేసెను. వెల్లకిల పడితిని, ఆకాశము, నురుగు, మరల ఆకాశము. ఈత యను విద్య ఒకటి నాకు వచ్చునని కూడ ఆ చలిలో జ్ఞాపకము రాలేదు. వెనుకనుండి ఎవరో నడుము బెల్టు పట్టి లాగినట్లయ్యెను. అల్లుడు నీటిలోనే చతికిలబడి, మడమలు రాళ్లకు తన్నిపెట్టి, రెండు చేతులతో నన్ను పట్టుకొనియుండెను. అట్లే కొంతదూరము ఇద్దరమును జారి ఒక పడిన చెట్టుకొమ్మను ఆనుకొని ఆగితిమి. కళ్లద్దాలు నదిపాలయ్యెను.

కారులో వేడిగాలి పెట్టి, కంబళి కప్పి, నా పండ్లు టకటక కొట్టుకొనుట ఆగువరకు అతడు ఏదో మాటలాడుచునే యుండెను. నిందమాట ఒక్కటి లేదు. అన్నియు చేపల మాటలే. సాల్మను పుట్టిన యేటి నీటి వాసన పట్టి తిరిగివచ్చునట. అయినను కొన్ని దారితప్పి వేరేటికి పోవునట. పదిహేడు వేల యేండ్లకు పూర్వము ఈ నేలపై మంచు గుట్టలుగా పేరుకొనియుండెననియు, అప్పుడిక్కడ ఏరే లేదనియు చెప్పి, "దోవ తప్పి వచ్చినదాని పిల్లలే మామా, ఇప్పుడు ఇదే మా ఊరని వచ్చేవన్నీ" అనెను. అతడు చేపల మాటయే చెప్పెను. నేను కోయంబత్తూరును తలచుకొంటిని.

ఇల్లు చేరబోవునప్పుడు, "కళ్లద్దాలు రాయిమీద పడి పగిలిందని చెప్తాం" అనెను. అట్లే చెప్పితిమి. అమ్మాయి నమ్మలేదు, అడుగనులేదు.

రెండు వారముల పిదప స్నోహోమిష్‌కు పోతిమి. ఈమారు నేను నోరెత్తలేదు. జాకెట్టు అడిగి తొడుగుకొంటిని. నది వెడల్పు, నిదానము; గట్టున పసుపుపచ్చబడిన చెట్లు. సముద్రపు ఆటుపోట్లు దానిలోనికి ఎగదన్నును. చలియొక్కటి లేకున్న గౌతమియనియే పొరబడుదును. నీటిలో దిగనక్కరలేని గులకరాళ్ల దిబ్బనొకదానిని అతడు ముందే వచ్చి చూచుకొని పోయెనట. నాకొరకు మడత కుర్చీయు తెచ్చెను. అతడు ఫోనులో పోటు వేళల పట్టిక చూచుచుండగా, నేను నీటిపై నురుగు చూచి, "పోటు నిలిచిందండీ" అంటిని. అతడు తలయెత్తి నదిని చూచి ఫోను జేబులో పెట్టుకొనెను. ఆనాటికి నాకు దక్కిన గౌరవమది.

విసరుట నేర్చుకొనుటకు గంటన్నర పట్టెను. తళతళలాడుచు తిరుగు రేకు గాలము ఒకమారు చెట్టునకు, ఒకమారు నా టోపీకే తగిలెను. మూడవ గంటలో కఱ్ఱ విల్లువలె వంగెను. కోహో నీటిపైకి లేచి వెండిరేకువలె మెరసి పడెను. పది నిమిషములు అది నన్నాడించెను. అల్లుడు నా జాకెట్టు వెనుకభాగము పట్టుకొనియే వలతో దానిని ఎత్తెను. ఎత్తి చూచి నవ్వెను. గాలము నోటికి గాక వీపురెక్కకు గుచ్చుకొనియుండెను. అట్లు తగిలిన సాల్మనును ఉంచుకొనుట అక్కడి చట్టమునకు విరుద్ధము. వదలివేసితిమి. ఆ రాత్రి మా యింట ముద్దపప్పు, ఆవకాయ.

వచ్చు శ్రావణమున వారు యానాము వచ్చుచున్నారు. అతనికి పులస వేట చూపవలెనని నా కోరిక. వరదనీటిలో నడియేటికి పోయి వలవేయు నావలో ఎక్కింపవలెనా, వాడలరేవున నిలిపి చూపవలెనా అని మా పొరుగు పడవవానితో పదిదినములుగా చర్చించుచున్నాను. నడియేటి వేటయే వేటయని అతడనును. అది నిజమే. మొన్న అల్లునికి ఫోనులో ఒక ప్రశ్న వ్రాసితిని, మీకు ఈత ఎంతమాత్రము వచ్చునని.

"రాదు మామా, ఎప్పుడూ నేర్చుకోలేదు" అని జవాబు వచ్చినది.