జాలి జబ్బుగా మారితే...

కుక్కలంటే ప్రాణం పెట్టే మనిషి చేతిలోనే కుక్కలు చచ్చిపోతాయని ఎవరైనా చెబితే ఒకప్పుడు నేను నవ్వేసేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. మా పిన్ని ఇంట్లో నా కళ్ళతో చూశాను.

పిన్నిది విజయనగరంలోనే, కోట దగ్గర ఒక సందులో పాత పెంకుటిల్లు. నేను ఆ ఇంట్లో ఉండే చదువుకున్నాను. ఆవిడకి పిల్లల్లేరు. బాబాయి పోయిన ఏడాది, కాలు విరిగిన కుక్కపిల్ల ఒకటి వీధరుగు మీదికి చేరింది. కట్టు నేనే కట్టాను. అది బతికింది. దానితో పాటు పిన్ని కూడా మళ్ళీ వేళకి వండుకుని తినడం మొదలుపెట్టింది. మేమంతా సంతోషించాం.

ఆ కబురు ఊళ్ళో పాకింది. తెల్లారేసరికి గేటు ముందు గోనెసంచి, అందులో కళ్ళు తెరవని పిల్లలు ఉండేవి. ఎవరు పెట్టారో తెలియదు. నేనూ తక్కువ తినలేదు. లారీ కింద పడి తల్లి చచ్చిపోతే, మా ఆస్పత్రి ఆవరణలో మిగిలిన రెండు పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్ళి పిన్నికిచ్చి వచ్చాను. పుణ్యం చేశాననే అనుకున్నాను. ‘పిన్ని ఉందిగా’ అనుకుంటే మన పని అయిపోయినట్టే కదా!

కొన్నేళ్ళ తరువాత పిన్ని దగ్గు, ఆయాసంతో నా దగ్గరికి వచ్చింది. చేతుల మీద తామర, ఒళ్ళంతా దురద. మనిషి చిక్కిపోయింది. మందులు మూడుసార్లు మార్చినా గుణం కనబడలేదు. ‘ఇంటికొచ్చి చూస్తాను పిన్నీ’ అంటే, ‘వద్దులే నాన్నా, ఇల్లు బావులేదు’ అంది. రెండేళ్ళుగా ఆవిడ ఎవర్నీ గేటు దాటి రానివ్వడం లేదని అప్పుడు గుర్తొచ్చింది.

చెప్పకుండా వెళ్ళాను. గుమ్మంలోనే ఘాటుకి కళ్ళు మండాయి. ముప్ఫయి ఒక్క కుక్కలు, ఎనిమిది పిల్లులు. సగానికి పైగా ఒంటిమీద వెంట్రుకలు లేవు. వంటింట్లో పొయ్యి వెలిగించే చోటు కూడా లేదు. మూలగదిలో ఒక పిల్ల చచ్చిపడి ఉంది. ‘పడుకుందిరా, లేస్తాది’ అంది పిన్ని. ఆవిడ అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకుంటోంది.

‘నేనిచ్చినవి ఏవి పిన్నీ?’ అని అడిగాను. చాలాసేపు వెతికింది. చూపించలేకపోయింది.

దీన్ని ఇంగ్లీషులో ‘ఏనిమల్ హోర్డింగ్’ అంటారు. జంతువుల్ని పోగుచేసుకునే జబ్బన్నమాట. 1999లో అమెరికా పశువైద్యుడు గ్యారీ పాట్రొనెక్ ఇలాంటి కేసుల్ని పరిశీలించి రాశాక డాక్టర్ల దృష్టి దీనిమీద పడింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం, వస్తువుల్ని పోగుచేసే జబ్బుని ప్రత్యేకంగా గుర్తించినప్పుడు, జంతువుల్ని పోగుచేయడాన్నీ అందులో ప్రస్తావించింది. ఒంటరితనం, ఆప్తుల మరణం దీనికి తరచు దారితీస్తాయి.

‘ఎన్ని ఉంటే జబ్బు డాక్టరు గారూ?’ అని అడుగుతారు. ఇది అంకెతో తేలేది కాదు. ఓపిక, డబ్బు, చోటు, సాయం ఉన్నవాళ్ళు ఇరవైని చక్కగా చూసుకోవచ్చు. అవి లేనివాళ్ళకి అయిదే ఎక్కువ. తిండి, నీళ్ళు, శుభ్రత, వైద్యం అన్నిటికీ అందుతున్నాయా? అందకపోతే ఆ సంగతి మనిషికి తెలుస్తోందా? తెలిసి ఆగగలుగుతున్నారా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు చూడండి. కళ్ళెదుట చస్తున్నా ఇంకొకదాన్ని తెచ్చుకుంటుంటే అది జబ్బే.

మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టు పెట్టుకున్న ఒకతను నాకు తెలుసు. అతని దగ్గర మూడు కుక్కలుంటాయి. మూడింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాడు, ఏటా రేబిస్ టీకా వేయిస్తాడు. నాలుగోదాన్ని ఎవరో తెస్తే, ‘నావల్ల కాదు బాబూ, ఉన్నవాటికే సాలటం లేదు’ అన్నాడు. ఊరుకోకుండా, పెంచుకునేవాళ్ళని వెతికి దాన్ని అప్పగించాడు. నిజమైన రక్షణ అంటే అదీ! ‘నావల్ల కాదు’ అనే ఆ మాట మా పిన్ని నోట ఒక్కసారీ రాలేదు.

ఆపరేషన్ ఎందుకంటారా? ఆడకుక్క రెండు నెలల్లో ఈనుతుంది. పిల్లలు ఏడాది తిరక్కుండానే మళ్ళీ తల్లులవుతాయి. వీధికుక్కలకి ఆపరేషన్, టీకాల కోసం మన దేశంలో 2001లో నిబంధనలొచ్చాయి, 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. విశాఖలో 1996 నుంచీ జంతు సంరక్షణ సంఘం ఒకటి పనిచేస్తోంది.

ఇక మనుషుల ఆరోగ్యం సంగతి. పోగుపడిన మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరి కళ్ళకీ, ఊపిరితిత్తులకీ చెరుపు. పిన్ని దగ్గు తగ్గకపోవడానికి కారణం అదే. తామర, గజ్జి జంతువుల నుంచి మనుషులకి అంటుకుంటాయి. మలంతో కలిసిన మట్టిలో ఉత్త కాళ్ళతో తిరిగితే కొంకిపురుగు పిల్లలు చర్మంలోకి దూరతాయి. గర్భిణీ స్త్రీలు పిల్లి మలం ఎత్తకూడదు. కుక్కగానీ పిల్లిగానీ కరిచినా, గీరినా పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్ల రోజులు పోయాయి. ఇప్పుడు చర్మంలోకిచ్చే టీకా మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉంటే గాయంలోకి వేరే మందూ ఇస్తారు. పెంచుకున్న కుక్కేకదా అని ఊరుకోకండి.

మరి పిన్నిని ఏం చేశాం? బంధువులు, ‘మునిసిపాలిటీ వాళ్ళని పిలిచి ఒక్క పూటలో తోలించెయ్’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. అలా ఒక్కసారిగా ఖాళీ చేయిస్తే మనిషి కుంగిపోతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెడుతుంది. మానసిక వైద్యుడి దగ్గరికి నేనే వెంట తీసుకెళ్ళాను. పశువుల డాక్టరు ఒకాయన ఆదివారాలు వచ్చి ఒక్కొక్కదాన్నే చూశాడు. కొన్ని దక్కలేదు. బాగుపడినవాటికి ఇళ్ళు వెతికాం. దాదాపు ఏడాది పట్టింది. ప్రతిదానికీ పిన్ని ఏడ్చింది. ‘నన్ను దొంగని చేసీసావురా’ అని ఒకరోజు అంది. ఆ మాట పడ్డాను.

ఇప్పుడు ఆవిడ దగ్గర మూడు కుక్కలు, ఒక పిల్లి ఉన్నాయి. దగ్గు తగ్గింది. ఆదివారం నేను వెళితే తలుపు తీసి లోపలికి రమ్మంటుంది. నేను టీ తాగుతూ పెరట్లోకి ఓసారి చూసి లెక్కపెట్టుకుంటాను. నేను లెక్కపెడుతున్నానని ఆవిడకీ తెలుసు.

మీ వీధిలోనూ ఇలాంటి పిన్ని ఒకరు ఉండవచ్చు. కంపు అని తిట్టకండి, దేవత అని పొగిడి ఊరుకోకండి. లోపలికి వెళ్ళి ఆవిడ అన్నం తిందో లేదో చూడండి. ఇంకో కుక్కపిల్లని తీసుకెళ్ళి ఆ గేటు ముందు పెట్టబోయే ముందు, దాని ఆపరేషన్‌కీ, టీకాకీ, నెల నెలా తిండికీ మీరేం ఇస్తారో ఆలోచించండి. ఏమీ ఇవ్వలేనివాళ్ళు ఆ భారాన్ని ఆవిడ నెత్తిన పెట్టకండి. నేను అలా పెట్టాను కాబట్టే చెబుతున్నాను.