కనిపెట్టినవారి పేరు రాయండి

మిత్రులారా, ఈ వారం వెట్టి గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. అది వచ్చే వారం. ఒక కాగితం నన్ను పది రోజులుగా సతాయిస్తోంది. ఆ కాగితం తయారు చేసింది నేనే. అందుకే ముందు నా తప్పు ఒప్పుకుని, తర్వాత మిగతాది మాట్లాడతాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో సర్కారు బడుల్లో చెప్పే నా స్నేహితులు ముగ్గురు ఎనిమిదో తరగతి పిల్లలను హైదరాబాద్ తీసుకెళ్లి మ్యూజియంలు చూపించాలనుకున్నారు. బిర్లా సైన్స్ మ్యూజియం, సాలార్‌జంగ్ మ్యూజియం. పాత యంత్రాలు, గడియారాలు, ఏది ఎప్పుడు ఎట్లా పుట్టిందో చూపించాలని. నేను చెప్పేది కాలేజీలో, అదీ తెలుగు. అయినా "నువ్వైతే మంచిగ రాస్తవ్, పిల్లలు నింపే పేపర్ తయారు చెయ్యి అక్కా" అని నాకు అప్పజెప్పారు.

ప్రయాణం లెక్కలే రెండు వారాలు పట్టాయి. జనగామ పిల్లలకు తేలిక, పొద్దున రైలెక్కితే చాలు. మహబూబాబాద్‌కూ రైలుంది. భూపాలపల్లిలో బొగ్గు గనులున్నాయి గానీ రైల్వే స్టేషన్ లేదు. ఆ పిల్లలు తెల్లారకముందే బస్సెక్కి వరంగల్ రావాలి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు కాబట్టి రెండో శనివారం ఖాయం చేశాం. పత్తి ఏరే రోజులు. పిల్ల ఒక్కరోజు లేకపోతే ఇంట్లో కూలి తగ్గుతుంది. అందుకని తల్లిదండ్రుల సంతకాల కోసం మా వాళ్లు ఇల్లిల్లూ తిరిగారు.

నా పేపర్‌లో నాలుగు గళ్లు పెట్టాను. వస్తువు పేరు. కనిపెట్టినవారి పేరు. దేశం. సంవత్సరం. దానికి తోడు ఒక ఇంటి పని: "మీ ఇంట్లో తాతలనాటి పనిముట్టు ఒకటి తెచ్చి, దాని గురించి క్లాసులో చెప్పండి." ఇది రాసినప్పుడు నాకు నేనే గొప్పగా అనుకున్నాను. మ్యూజియం ఇంటి నుంచే మొదలవుతుందని పిల్లలకు చెప్పినట్టు ఉంటుందనుకున్నాను.

ఆ శనివారం జనగామ బడికి నేనే వెళ్లాను. ఒకడు పెంబర్తి ఇత్తడి చెంబు తెచ్చాడు, వాళ్ల పెదనాయిన కొట్టిందట. ఒక పిల్ల మగ్గం నాడె తెచ్చింది. ఒకడు గొంగడి కప్పుకునే వచ్చాడు, అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. చివరి బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది.

"మా ఇంట్ల అసొంటియేం లేవు మేడం."

నేను అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. "ఏదో ఒకటుంటది గదమ్మా. మీ తాత ఏం పని చేసేటోడు?" అని అడిగాను.

క్లాసు ఒక్కసారి చప్పుడు లేకుండా అయింది. వెనక నుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ పిల్ల తల దించుకుంది. అప్పుడర్థమైంది నేనేం చేశానో.

బడి వదిలాక గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. బ్యాగులోంచి పాత గుడ్డ మూట తీసి విప్పింది. ఆరె. కట్టె పిడి అరిగి నున్నగా అయింది. "తెచ్చిన మేడం. తియ్యలే" అన్నది.

మిత్రులారా, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు తండ్రి వృత్తి రాయమంటే ‘వ్యవసాయం’ అని రాశాను. మాకు గుంట భూమి లేదు. మా తాత ఇంటి వెనక లంద ఉండేది. ఆ వాసన నా బట్టలకు ఉందేమోనని బడికి పోయేముందు వాసన చూసుకునేదాన్ని. డాక్టరేట్ చేశాను, జాంబపురాణం గురించి సభల్లో మాట్లాడాను. అంతా చేసి ఇంకో మాదిగ పిల్లను పదిమంది ముందు నిలబెట్టి "మీ తాత ఏం చేసేటోడు" అని అడిగాను. మంచి ఉద్దేశంతోనే అడిగాను. పిల్లకు తగిలిన దెబ్బ ఉద్దేశాన్ని బట్టి తగ్గదు.

ఇత్తడి చెంబు తెచ్చినవాడికీ ఆ పిల్లకూ తేడా పనితనంలో లేదు. పెంబర్తి ఇత్తడికి భౌగోళిక గుర్తింపు ఉంది, అది కావాల్సిందే. ఆరెకు ఏముంది?

పచ్చి తోలు రోజుల్లో కుళ్లిపోతుంది. దాన్ని ఏళ్ల తరబడి నీళ్లలో నాని ఎండలో ఎండినా చెడకుండా చెయ్యాలంటే ఏం తెలియాలి? ముందు సున్నపు నీళ్లలో నానెయ్యాలి, వెంట్రుక వదులవుతుంది. ఎక్కువ రోజులుంచితే తోలు పాడు, తక్కువ ఉంచితే వెంట్రుక ఊడదు. తర్వాత గీకి, కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ దంచి కలిపిన నీళ్లలో వెయ్యాలి. మొదట పలచటి నీళ్లు, రోజులు గడిచేకొద్దీ చిక్కటివి. మొదటే చిక్కటి నీళ్లలో వేస్తే పైపొర గట్టిపడి మందు లోపలికి దిగదు. చెక్కలోని టానిన్ తోలులోని కొల్లాజెన్ పోగులను పట్టుకుని బిగిస్తుంది. పుస్తకంలో ఈ రెండు మాటలూ నేను పెద్దయ్యాక చదివాను. మా నాయినమ్మ ఆ నీళ్లు నాలుక చివర పెట్టుకుని "ఇంక రెండు దినాలు" అని చెప్పేది. చెక్క దంచేది ఆమే. తోలు పని అనగానే మగవాళ్లనే తలుచుకుంటాం. మన లెక్కలోనూ ఆమె పేరు లేదు. తంగేడు ఇప్పుడు మన రాష్ట్ర పుష్పం. పువ్వును బతుకమ్మలో పేర్చాం, చెక్క దంచిన చేతులను ఊరి బయట ఉంచాం.

ఆ తోలుతోనే మోట బొక్కెన. ఇప్పటి పిల్లలకు మోట తెలియదు, అందుకే వివరంగా చెబుతాను. బావి మీద రెండు తాళ్లు. లావు మోకు పై గిరక మీదుగా బొక్కెనకు, సన్నతాడు కింది గిరక మీదుగా తోలు తొండం మూతికి. ఎడ్లు వాలు దిగుతుంటే రెండూ కలిసి లేస్తాయి. బావిలో ఉన్నంతసేపు తొండం పైకి మడిచి ఉంటుంది, నీళ్లు కారవు. ఒడ్డుకు రాగానే బొక్కెన ఇంకా పైకి పోతుంది, తొండం మాత్రం కాలువలోకి చాచుకుని నీళ్లు పోస్తుంది. బొక్కెన వంచడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఏ తాడు ఎంత పొడవుండాలో లెక్క తప్పితే ఇది జరగదు. కరెంటు మోటార్లు రాకముందు ఈ జిల్లాల్లో ఎన్ని బావుల కింద వరి పండిందో, అంత వరి ఈ లెక్క మీద పండింది. వెట్టి కాలంలో దొరలకు ఆ బొక్కెనలు, చెప్పులు ఉత్తగానే కుట్టిచ్చారు మనవాళ్లు. పేరూ లేదు, పైసా లేదు.

ఇప్పుడు నా పేపర్‌కు వద్దాం. ‘ఆవిరి యంత్రం’ అని పిల్లలు రాస్తారు. 1712లో ఇంగ్లండ్‌లో థామస్ న్యూకామెన్ దాన్ని నడిపింది బొగ్గు గనిలో ఊరే నీళ్లు తోడడానికే. భూపాలపల్లి పిల్లలకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది, వాళ్ల నాయినలు గనిలోకి దిగేవాళ్లే. ఆ యంత్రంలో పిస్టన్ అంచుల నుంచి గాలి చొరకుండా తోలు బిళ్ల బిగించి, దాని మీద నీళ్లు నిలిపేవారు. ‘అచ్చు యంత్రం’ పక్కన గుటెన్‌బర్గ్ పేరు రాస్తారు. 1450ల్లో ఆయన అచ్చేసిన బైబిల్ ప్రతుల్లో కొన్ని దూడ తోలు మీద ఉన్నాయి. ఆ తోళ్లను సున్నంలో నానేసి గీకింది ఎవరు? నా రెండో గడిలో వాళ్లకు చోటు లేదు. ఇక్కడే కాదు, ఎక్కడా లేదు. కాకపోతే అక్కడ తోలు పనివాడి మనవడు ఇంకో పనిలోకి పోవడానికి దారి దొరికింది. ఇక్కడ పుట్టుకే పని అయింది. కులం పనిని కాదు, పని చేసే మనుషులను విడగొట్టిందని అంబేద్కర్ 1936లోనే చెప్పారు.

బిర్లా మ్యూజియంలో ఒక రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికింది కాబట్టి ఆ ఊరి పేరు పెట్టారు. కోట్ల ఏళ్ల నాటి ఎముకకు మన ఊరి పేరు పెట్టగలిగినవాళ్లం, మోట కుట్టినవాడి పేరు అడగాలని అనుకోలేదు. పాలంపేట గుడి ఒక్కటే వేరు. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినా, శిల్పి రామప్ప పేరుతోనే జనం పిలుస్తున్నారు. 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపులోనూ ఆ పేరు ఉంది. నీళ్లలో తేలే ఇటుకలు కాల్చినవాళ్ల పేరు మాత్రం అక్కడా లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. అన్నీ మనవాళ్లే ముందు కనిపెట్టారని నేను అనడం లేదు. పుష్పక విమానం కథలు చెప్పేవాళ్లకు మనం ఇంకో కథ చెప్పక్కర్లేదు. మోట నీళ్లు తోడింది, అది చాలు. కంచ ఐలయ్య గారు 2009లో తన ‘పోస్ట్ హిందూ ఇండియా’ పుస్తకంలో మాదిగలను శాస్త్రజ్ఞులుగా చూపిస్తూ ఒక అధ్యాయమే రాశారు. అది చదివిన రోజు నేను తల ఎత్తుకుని నడిచాను. కానీ లందలో దిగమని నన్నెవరైనా అంటే దిగను. మా బాపు మమ్మల్ని దాని నుంచి బయటపడేయడానికే చదివించాడు. పనితనాన్ని పొగిడి మనిషిని అదే పనికి కట్టేసే పొగడ్త మనకొద్దు.

జనగామ పక్కనే ఆలేరు మండలం శారాజీపేట. చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో బడి మానేశారు. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఊపి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి తల్లి పేరు, లక్ష్మి అని పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నొప్పి చూసినవాడే యంత్రం చేశాడు. నొప్పి చూడనివాళ్ల చేతుల్లో డబ్బు, లాబొరేటరీ ఉంటే ఏమవుతుందో డ్రైనేజీ మ్యాన్‌హోల్ చూస్తే తెలుస్తుంది. రక్షణ లేకుండా మనిషిని దింపొద్దని 2013లో చట్టం వచ్చింది. ఇప్పటికీ దింపుతున్నారు. మనిషి చౌకగా దొరికినచోట యంత్రం కోసం ఎవరూ తొందరపడరు.

పాత పేపర్ చించేశాను. కొత్తదాంట్లో ప్రశ్నలు ఇవి. ఈ వస్తువు ఎవరి చేతికి పని తగ్గించింది? ఇందులో ఏమేం పదార్థాలున్నాయి, వాటిని ఎవరు తయారు చేసి ఉంటారు? దీన్ని చెయ్యాలంటే ఏం తెలిసి ఉండాలి? చివరిది: ఈ మ్యూజియంలో ఉండాల్సింది, లేనిది ఏ యంత్రం? కనిపెట్టినవారి పేరు గడి తీసెయ్యలేదు. న్యూకామెన్ పేరూ పిల్లలకు తెలియాలి. ఆ గడి ఇప్పుడు ఆఖరున ఉంది, పక్కన ‘ఇంకా ఎవరు?’ అని రాశాను.

ఇంటి పని రద్దు చేశాను. మహబూబాబాద్, భూపాలపల్లి బడుల్లో ఏ పిల్లా ఏమీ తేవక్కర్లేదు. నా వస్తువు నేనే తీసుకెళ్లాను, మా తాత రంపె. "ఇది మా ఇంటిది, మేం మాదిగలం, దీంతో తోలు కోస్తారు" అని నేనే ముందు చెప్పాను. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు చెప్పారు. అనిపించనివాళ్లు ఊరుకున్నారు. టీచర్లుగా పనిచేస్తున్న మిత్రులకు నా మనవి ఇదే. ధైర్యం చెయ్యాల్సింది ముందు మనం, పిల్లలు కాదు.

జనగామ పిల్లకు క్షమాపణ చెప్పాను. "ఏం కాదు మేడం" అన్నది. పిల్లలు అట్లాగే అంటారు. చివరి ప్రశ్నకు ఇప్పుడే జవాబు రాయొచ్చా అని అడిగి, నిలబడే రాసిచ్చింది: మా అమ్మ నడుం వంగకుంట పత్తి ఏరే మిషిని. అమెరికాలో పెద్ద పత్తి మిషన్లు ఉన్నాయని చెప్పాను. "అవి మా ఎకరం చెల్కల పడ్తయా మేడం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సాలార్‌జంగ్‌లో ఒక సంగీత గడియారం ఉంది. గంట కాగానే చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడుతుంది. దాని కోసం జనం గుంపులుగా కాచుకుని కూర్చుంటారు. అదే గడియారంలో ఒక కమ్మరి బొమ్మ ప్రతి సెకనుకూ సుత్తె దెబ్బ వేస్తూనే ఉంటుంది. శనివారం పిల్లలను కొంచెం ముందే తీసుకెళ్లి కూర్చోబెడతాను. గంట కొట్టేలోపు ఆ కమ్మరి ఎన్ని దెబ్బలు వేశాడో లెక్కపెట్టమంటాను.

రైలు టికెట్లు అయ్యాయి. మధ్యాహ్నం అన్నానికి ఇంకా కొంత తక్కువ పడుతోంది. హైదరాబాద్‌లో ఉన్న విద్యార్థి మిత్రులు నలుగురు వచ్చి పిల్లల వెంట నడిస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

జై భీమ్.