అత్తయ్య మళ్లీ కారెక్కారు

మా గుర్రంకొండ నుంచి తిరుపతి వెళ్లాలంటే పీలేరు దాటాక భాకరాపేట ఘాట్ దిగాలి. పోయిన నెల ఆ మలుపుల్లో మా పాత కారు ఊగిన ఊపుకి అత్తయ్యకు వాంతులయ్యాయి. "కంటి ఆపరేషనూ వద్దు, ఈ కారూ వద్దు" అని తేల్చేశారు.

మా వారేమో కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు తెస్తానన్నారు. "ఐదుగురం ఎక్కితే స్పీడ్ బ్రేకర్లకు కింద గీసుకోదూ?" అన్నాను.

ఆదివారం ఆయనా, మా బాబూ జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి కింద చూశారు. స్టెబిలైజర్ బార్ బుష్షులు అరిగిపోయాయి. మలుపులో బండి ఒక పక్కకు ఒరగకుండా ఆపేది ఆ కడ్డీయే. దాన్ని పట్టుకునే రబ్బరే వదులైతే ఇంకేం ఆపుతుంది? కొత్తవి వాళ్లే బిగించారు. డోర్ దగ్గర స్టిక్కర్ చూసి టైర్లలో గాలి సరిచేశారు. ఆయిల్ కారుతున్న ముందు షాకబ్జార్బర్లు రెండూ మాత్రం మెకానిక్ చేతే మార్పించాం. నొక్కిపెట్టిన స్ప్రింగు ఎగిరిందంటే ప్రాణం మీదికొస్తుంది.

నా తప్పూ ఒకటుంది. పైన క్యారియర్ మీద బియ్యం మూట కట్టించింది నేనే. బరువు ఎంత ఎత్తులో ఉంటే ఊపు అంత ఎక్కువట. క్యారియర్ తీయించేశాను.

బతిమాలి అత్తయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టి వాయల్పాడు దాకా వెళ్లొచ్చాం. దారంతా ఏమీ మాట్లాడలేదు. ఇంటి ముందు దిగాక అడిగారు:

"డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడే?"