గోడ లేని చోట గోడను వెతుకుతూ

శిక్షణ నిమిత్తం జర్మనీ వెళ్లిన మా నలుగురికి బెర్లిన్‌లో ఒక ఆదివారం సెలవు లభించింది. మ్యూజియములను తరువాత చూడవచ్చునని, ముందుగా గోడ ఆనవాళ్లకే బయలుదేరాము.

1961 ఆగస్టు 13న మొదలైన ఆ గోడ పశ్చిమ బెర్లిన్ చుట్టూ దాదాపు 155 కిలోమీటర్లు సాగి, 1989 నవంబరు 9న ద్వారాలు తెరుచుకొనే వరకు నగరాన్ని చీల్చి ఉంచింది. నేడు చాలాచోట్ల అది సాగిన దారిని చూపేది రోడ్డులో పొదిగిన రెండు వరుసల రాళ్లే. ఒక కాలు తూర్పున, ఒక కాలు పడమరన ఉంచి మేమూ ఫోటో తీయించుకొన్నాము. చెక్‌పాయింట్ చార్లీ వద్దనున్నది నమూనా గది మాత్రమే. చుట్టూ అంగళ్ల సందడి ఎక్కువ.

ఫ్రీడ్రిష్‌స్ట్రాసె స్టేషను ప్రక్కనున్న ‘కన్నీటి సౌధం’లో మా సరదా అణగిపోయింది. తూర్పున ఉన్న తమవారిని చూసి పడమరకు మరలిపోయేవారు వీడ్కోలు చెప్పుకొన్నది ఇక్కడే. ఇరుకైన తనిఖీ గది నేటికీ ఉన్నది. ఆరేళ్లుగా బదిలీపై కుటుంబానికి దూరంగా ఉంటున్న మా మిత్రుడొకరు అందులో చాలాసేపు నిలబడిపోయారు. “నా బాధ నాదే గాని, సెలవు దొరికితే రైలెక్కగలను గదండీ” అన్నారు బయటికి వచ్చాక.

బెర్నావర్ వీధిలో తూర్పువైపు ఇళ్లు తూర్పువి. వాటి ముందరి కాలిబాట పడమరది. గుమ్మాలు మూసివేయగా జనం కిటికీల నుండి దూకారు. అలా దూకి 1961 ఆగస్టు 22న ఇడా సీక్‌మన్ అనే మహిళ మరణించింది. మరునాడు ఆమెకు 59వ పుట్టినరోజు. అక్కడి చర్చి సరిహద్దు నడుమ చిక్కుకొనిపోగా 1985లో పేల్చివేశారు. ఆ స్థలంలోనే 2000లో వెలసిన చిన్న ప్రార్థనాలయానికి దట్టించిన మట్టి గోడలు. పాత చర్చి శిథిలాల ముక్కలు ఆ మట్టిలో కలిసి ఉన్నాయి. మన పల్లెల మట్టిగోడలు తెలిసిన చేతులు ఊరుకోవు; తాకి చూశాము. చల్లగా ఉన్నది.

తిరుగు ప్రయాణానికి ఆ వీధి పేరిటి భూగర్భ స్టేషనులోకి దిగాము. గోడ ఉన్నన్నాళ్లూ పశ్చిమ రైళ్లు ఇక్కడ ఆగక సాగిపోయేవట. మా రైలు ఆగింది. చంటిబిడ్డ బండితో ఒక ముసలావిడ ఎక్కింది. మా మిత్రుడు లేచి చోటిచ్చారు.